1653లో దాక్కోవాల్సిన పనేముంది? లఫ్‌వుడ్ మీటింగ్ హౌస్ కథలో ఒక చిక్కుముడి

ఇంగ్లండ్ నైరుతి మూలన డెవన్ కౌంటీలో, ఆక్స్‌మిన్‌స్టర్ పట్టణానికి పడమరగా నాలుగు మైళ్ళ దూరంలో, కొండవాలులోకి సగం దిగబడినట్టు ఒక చిన్న రాతి కట్టడం ఉంది. గడ్డి కప్పు, గోడలకు ఊతంగా రాతి దిమ్మెలు, చుట్టూ కొన్ని సమాధులు. శిఖరం లేదు, గంట లేదు. పేరు తెలియకుండా ఆ దారిన పోయేవాళ్ళు పశువుల కొట్టం అనుకుని దాటిపోతారు. అది లఫ్‌వుడ్ మీటింగ్ హౌస్, బాప్టిస్టుల పాత ప్రార్థనా మందిరం. మన ఊళ్ళ భాషలో చెప్పాలంటే కూటం జరిగే ఇల్లు.

దాని గురించి వినిపించే కథ ఒక్కటే. రాజుగారి మతాన్ని ఒప్పుకోని బీద బాప్టిస్టులు, జైలుకూ దేశబహిష్కారానికీ భయపడి, ఎవరి కంటా పడకుండా అడవిలో కొండను తవ్వి ఈ మందిరం కట్టుకున్నారని. కథ బాగుంది. చూసేవాళ్ళ మనసుకు హత్తుకుంటుంది కూడా. అయితే దీని పుట్టుకకు చెప్పే సంవత్సరం 1653. ఆ ఏడాది ఇంగ్లండ్‌లో రాజే లేడు.

మొదటి చార్లెస్ రాజు తల 1649 జనవరిలోనే తెగింది. బిషప్పుల వ్యవస్థను 1646లోనే రద్దు చేశారు. రాజ్య చర్చి వాడే ప్రార్థన పుస్తకాన్ని 1645లో నిషేధించారు. ప్రతివాడూ ఆదివారం తన పారిష్ చర్చికి వెళ్ళి తీరాలనే పాత చట్టాలను 1650లో ఎత్తేశారు. అధికారంలో ఉన్నది రాజును ఓడించిన క్రామ్‌వెల్ సైన్యం. ఆ సైన్యంలో బాప్టిస్టు అధికారులు తక్కువేం కాదు. 1653 డిసెంబరులో వచ్చిన కొత్త రాజ్యాంగ పత్రం కేథలిక్కులనూ, బిషప్పుల పక్షం వాళ్ళనూ తప్పించి, క్రీస్తును నమ్మేవాళ్ళందరికీ ఎవరి ఆరాధన వాళ్ళు చేసుకునే వీలిచ్చింది. దేశంలో ఆ రోజుల్లో దొంగచాటుగా ప్రార్థనలు చేసుకున్న ప్రొటెస్టెంట్లు ఎవరంటే, పాత ప్రార్థన పుస్తకాన్ని వదులుకోలేని ఆంగ్లికన్లు, అంటే పాత రాజ్య చర్చివాళ్ళు! మరి బాప్టిస్టులు ఎవరికి భయపడి కొండలో దాక్కున్నట్టు?

ఈ ప్రశ్నకు జవాబు వెతికితే లఫ్‌వుడ్ ఒక్కటే కాదు, ఇంగ్లండ్, వేల్స్ పల్లెల్లో ఉన్న పాత చాపెళ్ళన్నీ, అంటే రాజ్య చర్చిలో చేరనివాళ్ళ మందిరాలన్నీ, ఎలా చదవాలో తెలుస్తుంది.

ముందు మనుషుల సంగతి. ఇంగ్లండ్‌లో చర్చి ప్రభుత్వంలో భాగం. రాజే దాని అధిపతి, పారిష్ దాని కింది మెట్టు. ఊళ్ళో పుట్టినవాడు పుట్టుకతోనే ఆ చర్చి మనిషి. ఇది వద్దన్నవాళ్ళందరినీ కలిపి నాన్‌కన్ఫార్మిస్టులు, డిసెంటర్లు అన్నారు. ఒకే పేరు కింద ఉన్నారు గానీ వాళ్ళలో వాళ్ళకు పడేది కాదు. ప్రెస్బిటేరియన్లకు జాతీయ చర్చి ఉండాలి, బిషప్పులు మాత్రం ఉండకూడదు. ఇండిపెండెంట్లకు ప్రతి సంఘం స్వతంత్రంగా ఉండాలి, పైన ఎవరి పెత్తనమూ కుదరదు. క్వేకర్లకు పాస్టరే అక్కర్లేదు. బాప్టిస్టులు సంఘ స్వతంత్రంలో ఇండిపెండెంట్లతో కలుస్తారు, కానీ పసిపిల్లలకు బాప్తిస్మం చెల్లదంటారు. విశ్వాసం నోటితో ఒప్పుకోగల వయసు వచ్చాక, నీళ్ళలో పూర్తిగా ముంచి ఇస్తేనే బాప్తిస్మం. చిలకరింపా, ముంచడమా అన్న వాదన గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో పెళ్ళి సంబంధాల దగ్గర కూడా విన్నవాళ్ళకు దీని తీవ్రత వేరే చెప్పక్కర్లేదు. 17వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో అది ఇంకా పెద్ద మాట. పసిబిడ్డకు బాప్తిస్మం వద్దనడమంటే, పుట్టుకతో ప్రతివాడూ రాజ్య చర్చి మనిషే అన్న పునాదినే కాదనడం.

అందుకే రాజు లేని రోజుల్లో కూడా బాప్టిస్టులంటే పొరుగువాళ్ళకు గిట్టేది కాదు. జర్మనీలోని మున్‌స్టర్ పట్టణాన్ని 1534లో చేజిక్కించుకుని అల్లకల్లోలం చేసిన అనాబాప్టిస్టుల (పసిపిల్లల బాప్తిస్మాన్ని కాదన్న మరో వర్గం) కథ చెప్పి వీళ్ళనూ అదే గాటన కట్టేవారు. చట్టం ఊరుకున్నా ఊరు ఊరుకోదు కదా. ఊరి నడిబొడ్డున స్థలం ఎవరిస్తారు? సభ్యులు చూస్తే పది ఊళ్ళలో చెదురుమదురుగా ఉన్న రైతులు, చేతిపనివాళ్ళు. వాళ్ళలో ఎవరి భూమిలో కాస్త జాగా దొరికితే అక్కడే మందిరం. పైగా మనుషుల్ని ముంచి బాప్తిస్మం ఇవ్వాలంటే నీళ్ళు కావాలి, కొండవాలంటే ఊట నీళ్ళు దగ్గర్లో దొరికే చోటు. చోటు ఎన్నుకోవడంలో భయానికి ఎంత వాటా ఉందో, భూమికీ నీళ్ళకూ కనీసం అంత వాటా ఉందని నా ఉద్దేశం.

ఇంకొక సంగతి. 1653 అనేది సంఘం చరిత్రకు చెప్పే తేదీ. ఇవాళ మనం తలుపు తీసుకుని లోపలికి వెళ్ళి చూసే చెక్కపని చాలావరకు 18వ శతాబ్దానిది. సంఘం వయసు, గోడల వయసు, లోపలి సామాను వయసు మూడూ వేరువేరు. పాత చాపెళ్ళ దగ్గర కనిపించే బోర్డులు ఈ మూడింటినీ ఒకే అంకెలో కుదించేస్తాయి.

అలాగని దాక్కోవడం అబద్ధమా అంటే, కాదు. భయం ముందు కాదు, తర్వాత వచ్చింది.

1660లో రెండో చార్లెస్ రాజుగా తిరిగొచ్చాడు. మరుసటి జనవరిలో లండన్‌లో వెన్నర్ అనేవాడి వెంట కొద్దిమంది మతోన్మాదులు కత్తులు పట్టుకుని వీధుల్లోకి వచ్చారు. ఆ పాపం బాప్టిస్టుల, క్వేకర్ల మెడకు చుట్టుకుంది. 1662లో ఏకరూపత చట్టం వచ్చింది. కొత్త ప్రార్థన పుస్తకంలో ఉన్నదంతా మనస్ఫూర్తిగా ఒప్పుకుంటున్నామని ఆగస్టు 24లోగా ప్రమాణం చెయ్యని పాస్టర్లు ఉద్యోగం వదులుకోవాలి. 1660 నుంచి లెక్కేస్తే సుమారు రెండు వేలమంది అలా బయటికి వెళ్ళారు.

1664 చట్టం కూటాల మీద పడింది. ఇంట్లోవాళ్ళు కాక పదహారేళ్ళు దాటినవాళ్ళు ఐదుగురికి మించి, రాజ్య చర్చి పద్ధతిలో కాని ప్రార్థనకు కూడితే నేరం. మొదటిసారి ఐదు పౌన్లు జరిమానా, లేదా మూడు నెలల జైలు. రెండోసారి దానికి రెట్టింపు. మూడోసారి దొరికితే ఏడేళ్ళు సముద్రం దాటించి వలస తోటలకు పంపడం, తప్పించుకోవాలంటే వంద పౌన్లు కట్టాలి. కూలికి పోయేవాడు వంద పౌన్లు ఎక్కణ్ణుంచి తెస్తాడు? 1665లో ఐదు మైళ్ళ చట్టం వచ్చింది. తొలగించిన పాస్టరు తాను పనిచేసిన ఊరికిగానీ, మున్సిపల్ హక్కులున్న పట్టణానికిగానీ ఐదు మైళ్ళ లోపలికి రాకూడదు. పల్లె చాపెళ్ళు ఊరికి దూరంగా, దిక్కులేని చోట ఎందుకుంటాయో దీనితో సగం అర్థమవుతుంది.

1670లో కూటాల చట్టాన్ని మార్చారు. ఈసారి తెలివిగా మార్చారు. వచ్చినవాడికి ఐదు షిల్లింగులే, కానీ ప్రసంగించినవాడికి ఇరవై పౌన్లు, ఇల్లు ఇచ్చినవాడికి ఇరవై పౌన్లు. వసూలైన డబ్బులో మూడో వంతు రాజుకు, మూడో వంతు ఊరి పేదలకు, మూడో వంతు సమాచారం ఇచ్చినవాడికి. అంటే పొరుగువాణ్ణి పట్టివ్వడం ఒక ఆదాయ మార్గమైంది. జైళ్ళ కంటే ఈ మూడో వంతే ఎక్కువ భయపెట్టి ఉంటుంది. జైలుకు వేసేవాడు ఎక్కడో ఉంటాడు, చాడీ చెప్పేవాడు పక్క చేనులోనే ఉంటాడు.

లఫ్‌వుడ్‌కు ఇక్కడ ఒక సౌలభ్యం ఉంది, కథ చెప్పేవాళ్ళు దీన్ని మాత్రం సరిగ్గానే పట్టుకున్నారు. ఇది డెవన్, డార్సెట్ కౌంటీల సరిహద్దు మీద ఉంది. పక్కనున్న డాల్‌వుడ్ పారిష్ చుట్టూ డెవన్ ఉన్నా అది డార్సెట్‌కు చెందిన తునక. 19వ శతాబ్దం దాకా అలాగే ఉండేది. ఆ రోజుల్లో ఒక కౌంటీ మేజిస్ట్రేటు ఇచ్చిన వారంటు ఆ కౌంటీలోనే చెల్లుతుంది, పక్క కౌంటీలోకి వెళ్ళి పట్టుకోవాలంటే అక్కడి మేజిస్ట్రేటు సంతకం కావాలి. సంతకం వచ్చేలోగా మనిషి చేను దాటి పోతాడు. మన దగ్గర నిజాం ఇలాకాకూ మద్రాసు రాష్ట్రానికీ మధ్య సరిహద్దు ఊళ్ళు ఎంతమందికి ఆశ్రయమిచ్చాయో పెద్దవాళ్ళు చెప్పగా విన్నవాళ్ళకు ఈ ఎత్తు కొత్తది కాదు.

ఆ ప్రాంతం కడుపులో మంట 1685లో బయటపడింది. రెండో చార్లెస్ అక్రమ సంతానం మన్‌మత్ డ్యూక్, కేథలిక్ అయిన రెండో జేమ్స్ రాజును దించుతానంటూ జూన్ 11న లైమ్ రీజిస్ రేవులో దిగాడు. ఇది ఆక్స్‌మిన్‌స్టర్‌కు పక్కనే ఉన్న రేవు. వెంట నడిచినవాళ్ళలో ఆ చుట్టుపక్కల నేతగాళ్ళు, రైతులు, డిసెంటర్లు బోలెడంతమంది. జూలై 6న సెజ్‌మూర్ దగ్గర వాళ్ళ సైన్యం చితికిపోయింది. తర్వాత జడ్జి జెఫ్రీస్ ఊరూరా కోర్టు పెట్టి ఉరిశిక్షలు వేశాడు, వందలమందిని వెస్టిండీస్‌కు పంపాడు. లఫ్‌వుడ్ చుట్టూ అల్లుకున్న భయం కథలకు అసలు వేళ్ళు 1660కీ 1689కీ మధ్య ఉన్న ఈ ముప్పై ఏళ్ళలో ఉన్నాయి. మందిరం పుట్టుకకూ ఆ భయానికీ ముడిపెట్టింది తర్వాతి తరాల జ్ఞాపకం.

తలుపు గడియ వెయ్యకూడదు

1689లో సహన చట్టం వచ్చింది. రాజుకు విధేయత ప్రమాణం చేసిన ప్రొటెస్టెంట్ డిసెంటర్లకు పాత శిక్షలు ఉండవు. వాళ్ళ మందిరాన్ని బిషప్పు దగ్గరో, ఆర్చ్‌డీకన్ దగ్గరో, జిల్లా మేజిస్ట్రేట్ల కోర్టులోనో నమోదు చేయించుకోవాలి. దాంతోపాటు ఒక నిబంధన పెట్టారు. ప్రార్థన జరుగుతున్నంతసేపూ తలుపుకు తాళంగానీ, గడియగానీ, అడ్డకర్రగానీ వెయ్యకూడదు. వేస్తే చట్టం ఇచ్చిన రక్షణ పోతుంది. నిన్నటిదాకా గడియ వేసుకుని బతికినవాళ్ళకు రాజ్యం చెప్పిన మాట, బార్లా తెరిచి పెట్టుకోండి, లోపల కుట్ర జరగడంలేదని మాకు కనపడాలి అని. సహనం అని పేరు పెట్టుకున్న ఆ చట్టంలో అనుమానం ఎంత మిగిలే ఉందో ఈ ఒక్క గడియ చెబుతుంది. త్రిత్వాన్ని కాదనేవాళ్ళకూ, కేథలిక్కులకూ ఆ పాటి దయ కూడా దక్కలేదు. బాప్టిస్టు పాస్టర్లకు మాత్రం పసిపిల్లల బాప్తిస్మం గురించిన సూత్రం మీద సంతకం చెయ్యకుండా మినహాయింపు ఇచ్చారు.

కాబట్టి లఫ్‌వుడ్ లోపల ఇవాళ మనకు కనిపించేది తలుపు తెరిచి పెట్టుకోగలిగిన కాలం. కొండ నీడలో ఉన్న బయటి రూపం చూసి చీకటి గుహను ఊహించుకుని వెళ్ళినవాళ్ళు తెల్లబోతారు, లోపలంతా వెలుతురు. గోడలకు సున్నం, పైన పీపాలా వంగిన సున్నపు పైకప్పు, రంగుల బొమ్మల్లేని మామూలు గాజు కిటికీలు. ఆ కిటికీల్లో పరిశుద్ధుల బొమ్మలు లేకపోవడం పేదరికం వల్ల కాదు. చేతిలోని బైబిలు చదవడానికి వెలుగు కావాలి, కంటికి విగ్రహం కాకూడదు.

ఎదురుగా బలిపీఠం ఉండదు. ఎత్తుగా ప్రసంగ వేదిక ఉంటుంది. పారిష్ చర్చిలో చూపు తూర్పు వైపు బలిపీఠం మీద నిలుస్తుంది, ఇక్కడ వాక్యం చెప్పే మనిషి మీద నిలుస్తుంది. కూర్చోవడానికి తలుపులున్న పెట్టె బల్లలు, కుటుంబానికి ఒకటి, రైలు ఫస్ట్ క్లాసు కూపేలాగా లోపలికి వెళ్ళి తలుపు వేసుకోవాలి. చలిగాలి కాళ్ళకు తగలకుండా ఆ ఏర్పాటు. ప్రసంగం గంట దాటేది, ఆదివారం రెండు ఆరాధనలు. దూరపు ఊళ్ళనుంచి నడిచి వచ్చినవాళ్ళు మధ్యాహ్నం ఇళ్ళకు వెళ్ళి రాలేరు గనక, వెనకవైపు గ్యాలరీ కింద రెండు చిన్న గదులున్నాయి. వాళ్ళ తిండీ తిప్పలూ, పిల్లల ఏడుపులూ అక్కడ.

ఆ గ్యాలరీ వాయిద్యకారులది. మొదటి తరం బాప్టిస్టులు దాన్ని చూస్తే ముఖం చిట్లించుకునేవారేమో. సంఘమంతా కలిసి, ఎవరో రాసిపెట్టిన పాట పాడడం అనేది 17వ శతాబ్దం చివరిదాకా వాళ్ళలో పెద్ద తగువు. ఆరాధన ఆత్మ ప్రేరణతో రావాలి, ముందే రాసుకున్న పాట ముందే రాసుకున్న ప్రార్థన లాంటిదే, అలాంటప్పుడు ప్రార్థన పుస్తకాన్ని ఎందుకు కాదన్నట్టు అని వాదన. లండన్‌లో హార్స్‌లీడౌన్ సంఘం పాస్టరు బెంజమిన్ కీచ్ పాటలు ప్రవేశపెడితే, 1691లో కొందరు సభ్యులు విడిపోయి పాటల్లేని సంఘం వేరే పెట్టుకున్నారు. తర్వాతి శతాబ్దంలో పాట గెలిచింది, వెంట వాయిద్యాలూ వచ్చాయి. 1653 నాటి సంఘం, ఈ గ్యాలరీ ఒకే కాలానివి కావనడానికి ఇంతకంటే వేరే సాక్ష్యం అక్కర్లేదు. బ్యాండు సెట్టూ, కీబోర్డూ లేకుండా ఆరాధన మొదలుకాని మన సంఘాలవాళ్ళకు ఈ తగువు వింతగా ఉంటుంది.

అసలు చూడాల్సింది మాత్రం కంటికి ఎదురుగా ఉండదు. ప్రసంగ వేదిక ముందు నేల కింద బాప్తిస్మ తొట్టి ఉంది. మామూలు రోజుల్లో దాని మీద చెక్కలు పరిచి ఉంటాయి, ఆ చెక్కల మీదే నడుస్తారు. బాప్తిస్మం ఇచ్చే రోజున వాటిని ఎత్తి నీళ్ళు నింపుతారు. పారిష్ చర్చిలో బాప్తిస్మపు రాతి తొట్టి తరచుగా గుమ్మం దగ్గర, నడుము ఎత్తులో, పసిబిడ్డకు సరిపోయేంత ఉంటుంది. ఇక్కడ నేలమట్టానికి కింద, మనిషి దిగి నిలబడేంత ఉంటుంది, అదీ సంఘమంతా కళ్ళారా చూసే చోట. అక్కడా ఇక్కడా సిద్ధాంతం చెప్పిన తేడా అంతా ఆ రెండు తొట్ల కొలతల్లో ఉంది.

డెవన్ నుంచి నరసాపురం

ఈ సంప్రదాయానికీ మనకూ ఉన్న చుట్టరికం ఊహ కాదు. సంఘాలు రాజ్యం చేతి కింద ఉండవు, తమ ఖర్చుతో తామే మనుషుల్ని పంపుకుంటాయి అన్న నాన్‌కన్ఫార్మిస్టు అలవాటే మిషన్లకు దారితీసింది. 1792లో కెటరింగ్‌లో బాప్టిస్టు మిషన్ సంఘం పుట్టింది. దాని తరఫున వచ్చిన విలియం కేరీ చేతుల మీదుగా బెంగాల్‌లోని సెరంపూర్ నుంచి 1814లో తెలుగు వ్యాకరణం, 1818లో తెలుగు కొత్త నిబంధన అచ్చయ్యాయి. ఇండిపెండెంట్ల అండతో నడిచిన లండన్ మిషన్ 1805లోనే విశాఖపట్నం చేరింది. ఇదే డెవన్ కౌంటీలోని బార్న్‌స్టేపుల్ నుంచి విలియం బౌడెన్, జార్జ్ బీర్ దంపతులు, ఎక్సెటర్‌లో పళ్ళ డాక్టరుగా ఉన్న ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ వెంట 1836లో బయలుదేరి వచ్చి నరసాపురం దగ్గర పని మొదలుపెట్టారు. వాళ్ళు బాప్టిస్టులు కాదు, బ్రదరన్‌వాళ్ళు. కానీ విశ్వసించినవాళ్ళకు ముంచి ఇచ్చే బాప్తిస్మం, రాజ్యంతో సంబంధం లేని సంఘం అన్న రెండు పట్టుదలలూ వాళ్ళవి కూడా. గోదావరి డెల్టాలో బ్రదరన్ సంఘాలకు మూలం అది.

ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టుల మూలాలు కూడా వెనక్కి పోతే 17వ శతాబ్దపు ఇంగ్లిష్ డిసెంటర్ల దగ్గరికే చేరతాయి. కరువు కాలం ముగుస్తుండగా, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. లఫ్‌వుడ్‌లో నేల చెక్కల కింద దాచుకున్న తొట్టి పక్కన ఈ దృశ్యాన్ని పెట్టి చూస్తే నాకు నవ్వూ వస్తుంది, ఆశ్చర్యమూ వేస్తుంది.

సహన చట్టం ఇవ్వనివి కూడా చెప్పుకోవాలి, లేకపోతే మందిరం చుట్టూ ఉన్న సమాధులు ఎందుకున్నాయో అర్థంకాదు. పుట్టినవాళ్ళ లెక్క పారిష్ రిజిస్టరులో బాప్తిస్మం పేరనే ఎక్కేది. బాప్టిస్టుల పిల్లలకు బాప్తిస్మం ఉండదు గనక, ఆస్తి తగాదాలో వయసు రుజువు చూపించడానికి కాగితం దొరికేది కాదు. 1740ల్లో లండన్‌లో డాక్టర్ విలియమ్స్ లైబ్రరీ దగ్గర డిసెంటర్లు సొంతంగా జనన రిజిస్టరు పెట్టుకోవాల్సి వచ్చింది. ప్రభుత్వ నమోదు 1837లో గానీ రాలేదు. 1753 వివాహ చట్టం క్వేకర్లకూ యూదులకూ తప్ప అందరికీ రాజ్య చర్చిలో పెళ్ళి తప్పనిసరి చేసింది. అంటే చాపెల్లో పెరిగిన అమ్మాయి, తన తల్లిదండ్రులు కాదన్న గుమ్మం తొక్కే పెళ్ళికూతురు కావాలి, 1837 దాకా. బాప్తిస్మం లేకుండా చనిపోయిన పిల్లకు పారిష్ శ్మశానంలో పాస్టరు ప్రార్థన చదవడు, సొంత పాస్టరును అక్కడ చదవనివ్వడు. ఆ పట్టు 1880లో సడలింది. సొంత మందిరం పక్కన సొంత నేల అందుకే. ఊరి చర్చి మరమ్మతులకు మాత్రం డిసెంటరు కూడా పన్ను కట్టాలి, ఆ బలవంతం 1868లో పోయింది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ తలుపులు పూర్తిగా తెరుచుకున్నది 1871లో.

దాక్కోవాల్సిన భయం పోయాక కొండలో ఉండాల్సిన అవసరం తీరిపోయింది. సంఘం కిల్మింగ్టన్ ఊళ్ళోకి మారింది. 1969లో పాత కట్టడాలను కాపాడే సంస్థ నేషనల్ ట్రస్ట్ ఈ కట్టడాన్ని తీసుకుని బాగుచేసింది. ఆక్స్‌మిన్‌స్టర్ దాకా లండన్ వాటర్‌లూ నుంచి నేరుగా రైలుంది. కారులో అయితే ఏ35 రోడ్డు మీద కిల్మింగ్టన్ దాటాక కుడివైపు సందులోకి తిరగాలి. సందు ఇరుకు, ఎదురుగా ట్రాక్టరు వస్తే వెనక్కి తియ్యడం వచ్చి ఉండాలి.

ఇలాంటివే ఇంకొన్ని చూడాలనుకుంటే వేల్స్‌లో గ్లాస్‌బరీ దగ్గర మైసిరోనెన్ ఉంది. ఇండిపెండెంట్ల చాపెల్, 1690ల్లో ధాన్యపు కొట్టాన్ని మార్చి కట్టుకున్నది. ప్రసంగ వేదిక పొడవు గోడ మధ్యలో ఉంటుంది. సఫోక్‌లో వాల్‌పోల్ పాత చాపెల్ చూస్తే అచ్చం రైతు ఇల్లే, ఎందుకంటే ముందు అది రైతు ఇల్లే. విల్ట్‌షైర్‌లో హార్నింగ్‌షామ్ మందిరం దేశంలోకెల్లా పాతదని చెప్పుకుంటుంది. లాంగ్‌లీట్ భవంతి కట్టడానికి వచ్చిన స్కాట్లండ్ పనివాళ్ళ కోసం 1566లో వెలిసిందని అక్కడి మాట. కట్టడం చూస్తే 1700 ప్రాంతానిది. అక్కడికి వెళ్ళినప్పుడు ఆ 1566 గురించి ఊరివాళ్ళతో వాదన పెట్టుకోకండి, టీ దొరకదు.